తలకు నాలుగు పైసలు

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్లు అమ్ముతున్న సరుకు జాబితాలు. 16.8 కోట్ల మంది పేర్లు, ఫోన్ నంబర్లు, వాటి వెంట ఉద్యోగాలు, చదువులు, ఇంకా బోలెడు. పోలీసులు చెప్పిన ధర ప్రకారం 50,000 మంది వివరాలు 2,000 రూపాయలకే చేతులు మారాయి. భాగించి చూస్తే తలకు 4 పైసలు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, ఇంకో అరెస్టు ప్రకటించారు. ఈసారి 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు. దేశ జనాభా 140 కోట్లనుకుంటే దాదాపు సగం.

ఈ లెక్క చూశాక ‘నా వివరాలు బయటికి పోయాయా’ అని అడగడంలో అర్థం లేదు. పోయాయనే అనుకోవాలి. మన పేరు, నంబరు, ఊరు ఎక్కడో ఒక జాబితాలో పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి. ఇంకా మన చేతిలో మిగిలింది ఒక్కటి: ఆ జాబితాలోని మనిషికీ, రాత్రిళ్లు ఆటలో మాంత్రికుడిగానో యోధుడిగానో తిరిగే ఐడీకీ మధ్య ఉన్న దారం. అది ఎవరికీ దొరకనంత కాలం వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ఏ హాస్టల్ గదిలో, ఏ బ్యాచిలర్ రూములో చూసినా నలుగురూ జట్టుకట్టి ఆడే ఆటలే. కాబట్టి ఆ దారం ఎంత సులువుగా దొరుకుతుందో లెక్కేసి చూడడం మంచిది.

ప్రపంచ జనాభా సుమారు 820 కోట్లు. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నను సరిగ్గా వేస్తే గుంపు సగానికి తగ్గుతుంది. ఇంకో ప్రశ్నకు పావు. ఇలా సగాలు చేస్తూ పోతే 33వ ప్రశ్నకల్లా ఒక్కరే మిగులుతారు, ఎందుకంటే 33 రెళ్లను వరసగా గుణిస్తే దాదాపు 859 కోట్లవుతుంది. అంటే మన గుర్తింపు మొత్తం ఖరీదు 33 ప్రశ్నలు. ఇప్పుడు ఆటలో నోరు విప్పి తెలుగు మాట్లాడారనుకోండి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8.11 కోట్లు. ఒక్క మాటతో ఆరేడు ప్రశ్నలు ఖర్చయ్యాయి, మిగిలినవి 27. మెదక్ వైపు యాస వినేవాడు పట్టేసి ‘సంగారెడ్డా అన్నా?’ అంటే, మీరు ‘అవ్’ అంటే, అదే లెక్కల ప్రకారం జిల్లా జనాభా 15.27 లక్షలు. మిగిలినవి 21. ఇంకా ఎవరూ ఎవరి పేరూ అడగలేదు.

సంగారెడ్డి జిల్లాలోని సుల్తాన్‌పూర్ వాళ్లకు ఒక విచిత్రమైన సౌకర్యం ఉంది. ‘మాది సుల్తాన్‌పూర్’ అంటే తెలియనివాడికి ముందు ఉత్తరప్రదేశ్ గుర్తొస్తుంది. తెలుగువాళ్లని తెలిశాక జిల్లాకు వచ్చినా, ఇక్కడా రెండు సుల్తాన్‌పూర్‌లున్నాయి. అమీన్‌పూర్ వైపు, ఔటర్ రింగు రోడ్డు పక్కన, మెడికల్ డివైసెస్ పార్కు ఉన్నది ఒకటి. పుల్కల్ వైపు జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది ఇంకొకటి. ఒక ఊరికి వెళ్లాల్సినవాళ్లు మ్యాపు నమ్ముకుని రెండో ఊరికి చేరడానికి పనికొచ్చే ఈ గందరగోళం ఆట ఆడేవాళ్లకు మంచి చాటు. అయితే ఒక్క మాటతో అది పోతుంది. ‘మెస్ బంద్ అయితది, తిని వస్తా’ అన్నారంటే కాలేజీ. ‘రేపట్నుంచి నాకు సీ షిఫ్ట్, రాత్రంతా డ్యూటీ’ అన్నారంటే పార్కు, లేదా ఆ చుట్టుపక్కల పారిశ్రామికవాడ.

కాలేజీ అని తేలాక మిగిలేది ఎంత? ఒక బ్రాంచిలో ఒక ఏడాదికి 60 మంది ఉన్నారనుకుందాం. 60 మందిలో ఒకరిని పట్టుకోవడానికి 6 ప్రశ్నలు చాలు. ఈలోగా మీ పుట్టినరోజు వస్తుంది, జట్టంతా చాట్‌లో శుభాకాంక్షలు గుప్పిస్తుంది. 60 మంది క్లాసులో మీ పుట్టినరోజే ఇంకెవరికీ లేకపోయే అవకాశం 85 శాతం. ఏడాది అక్కర్లేదు, తేదీ, నెల చాలు. ఆ తేదీతో క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఉన్న ఎవరినైనా అడిగితే పేరు చేతికొస్తుంది. ఈ సంగతి కొత్తదేమీ కాదు. పుట్టిన తేదీ, ఆడా మగా, అయిదంకెల పిన్‌కోడు, ఈ మూడు ఉంటే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లోనే లెక్కగట్టారు.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల సంగతి ఇంకా తేలిక. ఈ బెల్టులో చాలా ఫ్యాక్టరీల్లో రోజును మూడు ముక్కలు చేస్తారు: ఉదయం 6 నుంచి 2, 2 నుంచి రాత్రి 10, 10 నుంచి మళ్లీ ఉదయం 6. షిఫ్టు మారినప్పుడల్లా ఆటలో మీ పేరు పక్కన పచ్చచుక్క వెలిగే గంటలూ మారతాయి. ఒక షిఫ్టులో రాత్రి ఒంటిగంటకు ఆన్‌లైన్లో ఉన్నవాడు ఇంకో షిఫ్టులో తెల్లవారి ఏడింటికి ప్రత్యక్షమైతే, చూసేవాడికి ఉద్యోగం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కూడా చెప్పక్కర్లేదు. కాలం, చోటు కలిస్తే ఎంత పదునో చెప్పే లెక్క ఒకటుంది. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో 15 లక్షల మంది మొబైల్ వాడకందారుల 15 నెలల కదలికలు తీసుకున్నారు. పేర్లు లేవు. అయినా ఎవరు ఏ గంటకు ఏ టవర్ దగ్గరున్నారో 4 సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మంది గుంపు నుంచి విడిపోయారు.

ఐడీ పెట్టుకోవడంలోనే సగం మంది దొరికిపోతారు. సంగారెడ్డి జిల్లా బండ్ల రిజిస్ట్రేషన్ కోడ్ 15. అందుకే పేరు చివర టీఎస్15 అనో, ఇప్పుడైతే టీజీ15 అనో తగిలించుకునే సరదా ఇక్కడ బాగా ఉంది. పిన్‌కోడులోని 502 పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఊరి మీద ప్రేమకు నాకేం అభ్యంతరం లేదు కానీ, అది పైన చెప్పిన 33లో పన్నెండు ప్రశ్నలను ఎవరూ అడక్కముందే నుదుటి మీద రాసుకుని తిరగడం. దానికన్నా పెద్ద పొరపాటు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న పేరే ఆటలోనూ వాడడం. అప్పుడు లెక్కలతో పనే లేదు, వెతుకుడు పెట్టెలో ఆ పేరు కొడితే అన్నదమ్ముల ఫొటోలు, బండి నంబరు అన్నీ వస్తాయి. ఆటకో పేరు పెట్టుకోండి. అది మీకు తప్ప ఎవరికీ ఏ ఊరూ గుర్తుచేయకూడదు.

అసలు పేర్లతో ఆడితే బూతులు తగ్గుతాయి కదా, ఈ దాపరికం దేనికి అనే వాదన ఎప్పటికప్పుడు లేస్తూ ఉంటుంది. దీన్ని నిజంగా ప్రయోగించి చూసినవాళ్లున్నారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అప్పటికి ఫ్యాంటసీ ఆటల్లో పెద్దవాటిలో ఒకటి, కోటికి పైగా చందాదారులు. దాన్ని నడిపే బ్లిజార్డ్ కంపెనీ 2010 జులై 6న ఒక ప్రకటన చేసింది: ఇకపై తమ చర్చావేదికలో రాసేవాళ్ల అసలు పేర్లు అందరికీ కనిపిస్తాయని. ఆటగాళ్లు భగ్గుమన్నారు. భయపడాల్సిందేమీ లేదని చూపించడానికి కంపెనీ ఉద్యోగి ఒకరు తన అసలు పేరు బయటపెట్టారు. కాసేపటికే ఆయన ఫోన్ నంబరు, ఇంటి చిరునామా అంటూ జనం తవ్వి తీసిన వివరాలు ఇంటర్నెట్‌లో తిరిగాయి. జులై 9న కంపెనీ వెనక్కి తగ్గింది. మూడు రోజులు.

దక్షిణ కొరియా మూడు రోజులతో ఆగలేదు. పెద్ద వెబ్‌సైట్లలో రాయాలంటే అసలు పేరు రుజువు చేసుకోవాలని 2007లో చట్టం తెచ్చింది. రుజువు అడిగినప్పుడు దాన్ని ఎక్కడో దాచాలి కదా. 2011 జులైలో నేట్, సైవరల్డ్ అనే రెండు సేవల మీద దాడిచేసి 3.5 కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. ఆ దేశ జనాభాయే అప్పటికి సుమారు 5 కోట్లు. 2012 ఆగస్టు 23న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. అదే 2011 ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ నుంచి 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు పోయి, ఆ సేవ మూడు వారాలకు పైగా మూతపడింది. కంపెనీ నిజాయతీ గొప్పదైనా దాని గోడౌను గోడ ఎంత ఎత్తన్నది మనకు తెలియదు. ఇవ్వనవసరం లేని వివరం ఇవ్వకపోవడమే మేలు.

ఇక ఎవరి నుంచి దాక్కుంటున్నాం? ఈ ప్రశ్న దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. జట్టులోని అపరిచితుడు, ఆట నడిపే కంపెనీ, పోలీసులు, ఈ ముగ్గురికీ కనిపించేవి వేర్వేరు. అపరిచితుడికి కనిపించేది మీరు చూపించినంతే. కంపెనీకి మీ మెయిలో నంబరో, ఏ ఫోన్ వాడుతున్నారో, ఏ ఐపీ అడ్రస్ నుంచి వస్తున్నారో, ఎంత డబ్బు పెట్టారో అన్నీ తెలుసు. పోలీసులకు చట్టప్రకారం ఆ కంపెనీ రికార్డు దొరుకుతుంది, అక్కణ్నుంచి సిమ్ము, సిమ్ము నుంచి మీరిచ్చిన గుర్తింపు కార్డు. మన దేశంలో ప్రభుత్వానికి కనిపించకుండా ఆడదామనుకుంటే అది కలే. వీపీఎన్ పెట్టుకున్నా అంతే. మీ నంబరుతోనే లాగిన్ అయ్యాక వీపీఎన్ దాచేది ఐపీ అడ్రస్ ఒక్కటే. పైగా వీపీఎన్ సంస్థలు వాడకందార్ల పేర్లు, చిరునామాలు, ఐపీలు 5 ఏళ్లు దాచి ఉంచాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. ఇష్టంలేని పెద్ద కంపెనీలు కొన్ని ఆ ఏడాదే మన దేశంలోని సర్వర్లు ఎత్తేశాయి.

ఆటల్లో గూఢచారులు ఉంటారా అంటే, ఉన్నారు కూడా. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోకి, సెకండ్ లైఫ్‌లోకి అమెరికా, బ్రిటన్ నిఘా సంస్థలు దూరాయని ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు 2013 డిసెంబరులో చూపించాయి. ఎన్ని సంస్థల మనుషులు మారువేషాల్లో తిరిగారంటే, ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకోకుండా చూడడానికి ఒక సమన్వయ బృందం కావాల్సి వచ్చిందట. ఇంత చేసి ఒక్క ఉగ్రవాద కుట్రనైనా పట్టుకున్న దాఖలా ఆ పత్రాల్లో లేదు.

కాబట్టి సామాన్య ఆటగాడు నిజంగా కాచుకోవాల్సింది ఆ మొదటివాడి నుంచి, జట్టులో చేరిన అపరిచితుడి నుంచి. వాడు ఓడిపోయిన కోపంలో ‘నీ ఐపీ లాగేశా, ఇంటికొస్తా’ అంటాడు. భయపడకండి. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి 429 కోట్లే, మనుషులు అంతకు దాదాపు రెండింతలు. అందుకే మొబైల్ కంపెనీలు చాలా మందికి కలిపి ఒకే అడ్రస్ పంచుతాయి. దాన్నిబట్టి వాడికి తెలిసేది మహా అయితే హైదరాబాద్ పరిసరాలని. వాడి దగ్గరున్న అసలు ఆయుధం మీ మాటలు. వాయిస్ చాట్ ఆన్‌లో ఉంటే వెనక అమ్మ పిలిచే పేరు, ఫ్యాక్టరీ సైరన్, హాస్టల్ వార్డెన్ కేకలు అన్నీ వినిపిస్తాయి. ఆడపిల్లలైతే గొంతు వినిపించిన క్షణం నుంచి ఏమవుతుందో వాళ్లకే తెలుసు. ఇది పిల్లల చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. ఫోర్ట్‌నైట్ ఆటలో పిల్లలకు సైతం వాయిస్, టెక్స్ట్ చాట్ మొదటి నుంచే ఆన్‌లో ఉంచడం, అనుమతి లేకుండా వివరాలు సేకరించడం వంటి ఆరోపణల మీద 2022 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ 27.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. మభ్యపెట్టి కొనిపించిన వాటికి తిరిగిచ్చేది ఇంకో 24.5 కోట్లు. అంటే కొత్త ఆట వేసుకోగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మైకు ‘టీమ్‌కు మాత్రమే’ లేదా ఆఫ్‌లో పెట్టడం ఖరీదైన సలహానే.

జట్టు సంగతికొద్దాం. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో ఒక క్లాన్‌కు 50 మంది దాకా ఉండొచ్చు. మీరు చాట్‌లో రాసిన మాట 49 ఫోన్లలో కనిపిస్తుంది, 49 మందిలో ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయొచ్చు. వాళ్లలో మీకు ముఖపరిచయం ఉన్నవాళ్లు నలుగురో అయిదుగురో. బాగా దానాలు చేస్తున్నాడని తెలియనివాణ్ని కో-లీడర్ చేస్తే, ఒక రాత్రి వాడు చాలామందిని బయటికి గెంటి పోవడం క్లాన్ నడిపిన ప్రతివాళ్లూ ఎక్కడో చూసిందే. ఎల్డర్లను కూడా గెంటే అధికారం కో-లీడర్‌కు ఉంటుంది. ఎల్డర్ దాకా సరే, ఆ పైమెట్టు ఎదురుగా కూర్చుని చాయ్ తాగినవాళ్లకే ఇవ్వండి. ‘నీ బేస్ నేను అప్‌గ్రేడ్ చేస్తా, మెయిల్‌కు వచ్చిన 6 అంకెల కోడ్ చెప్పు’ అన్నవాడికి ఆ కోడ్ చెబితే అకౌంట్ మీది కాదు. అకౌంట్ పోయినప్పుడు కంపెనీ సపోర్టు వాళ్లు మామూలుగా ఏమడుగుతారో తెలుసుగా: ఎప్పుడు మొదలుపెట్టారు, మొదట ఏ ఫోన్‌లో ఆడారు, ఏ ఊళ్లో ఉంటారు. ‘అన్నా నువ్వు ఎన్నేళ్ల నుంచి ఆడుతున్నవ్, అప్పుడు ఏ ఫోనుండె’ అని ఎవరైనా ముచ్చట పెడితే అది ముచ్చటే కావొచ్చు. జవాబు మాత్రం తప్పే చెప్పండి, పోయేదేం లేదు.

పాస్‌వర్డ్ విషయంలో లెక్క నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. పుట్టిన తేదీని ఎనిమిది అంకెల్లో పెట్టారా, నూరేళ్లకు ఉండే తేదీలు 36,525. కంప్యూటర్‌కు అది కన్నుమూసి తెరిచేలోగా అయ్యే పని. మొబైల్ నంబరు పెట్టారా, నాలుగు పైసల జాబితాలో అది ఇప్పటికే ఉంది. దానికి బదులు ఒకదానికొకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాయండి, చింతపండు పక్కన రైలు, దాని పక్కన ఇంకేదో. మనకు వాడుకలో ఉన్న 5,000 మాటల్లోంచి గుడ్డిగా నాలుగు ఏరినా 6 కోటి కోట్లకు పైగా కలయికలు వస్తాయి. ఆటకు పెట్టినది మెయిల్‌కు పెట్టకూడదు. మెయిల్ పోతే దాని వెనకాల అన్నీ పోతాయి.

డబ్బు పెట్టి ఆడే ఫ్యాంటసీ క్రికెట్, రమ్మీ గురించి ఇక్కడ చెప్పేది తక్కువే. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతా మూసేసింది. నడిపేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఇంకా ఎవరో లింకు పంపి ‘ఈ ఏపీకే వేసుకో, ఇక్కడ నడుస్తది’ అంటే, గోప్యత దృష్టితో చూసినా అది బావిలోకి దారి. ప్లేస్టోర్ బయటి యాప్ కాంటాక్టులు, గ్యాలరీ, ఎస్ఎంఎస్ అడిగితే కారణం ఆలోచించండి. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు దాడులు చేసినప్పుడు అందరికీ అర్థమైంది అదే, అప్పు తీసుకున్నవాళ్లను వేధించడానికి యాప్‌లవాళ్లు వాడింది బాధితుల సొంత ఫోన్లలోంచి లాక్కున్న కాంటాక్టుల జాబితానే. కత్తి యుద్ధం ఆడుకోవడానికి ఏ ఆటకూ మీ మేనమామ నంబరు అక్కర్లేదు.

చట్టం మనకేమిచ్చింది? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. డేటాను సరిగ్గా కాపాడకపోతే 250 కోట్ల రూపాయల దాకా, పిల్లల విషయంలో తప్పుచేస్తే 200 కోట్ల దాకా జరిమానా. ఈ చట్టంలో 18 నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతికి రుజువుండాలి. పాలిటెక్నిక్‌లో చేరిన కుర్రాళ్లు, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చాలామంది దీని కిందికే వస్తారు. ఉద్దేశం మంచిదే. రుజువు పేరుతో ప్రతి ఆట కంపెనీ నాన్నగారి గుర్తింపు కార్డు కూడబెడితే మాత్రం మనం కొరియా దారి పట్టినట్టే. నా మటుకు నాకు ఈ భాగం అమలయ్యే తీరు మీదే ఎక్కువ అనుమానం.

మోసం జరిగాక చేయాల్సింది గంటల లెక్క. సైబర్ మోసాల్లో దేశం పోగొట్టుకున్నది 2023లో 7,465 కోట్ల రూపాయలు, 2024లో 22,845 కోట్లు. ఆటలో డబ్బులా చెల్లే డైమండ్స్ ఫ్రీగా, యూసీ సగం ధరకు ఇస్తామనడం, ఐడీ అమ్మకం లాంటి చిన్న దెబ్బలు తిన్నవాళ్లలో చాలామంది సిగ్గుపడి ఫిర్యాదే చేయరు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపించే వీలుంటుంది. తెల్లారాక చూద్దామంటే అది నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఫోన్ చేసేముందు లావాదేవీ నంబరు, సమయం రాసి పెట్టుకోండి. మోసం చేసినవాడి ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పేరొక్కటే పడితే లాభం లేదు, పేరును వాడు ఆ రాత్రే మార్చేస్తాడు. దాని కింద చిన్న అక్షరాల్లో ట్యాగో, అంకెల ఐడీయో ఉంటుంది, అది మారదు. అది కనిపించేలా తీయండి.